మోచేతి కొలత

అజ్మాన్ సనాయాల మా రూము.
ఏడు మంచాలు, ఒక కిటికీ,
కిటికీల ఇరికిచ్చిన ఏసీ.
దాని కింద ఎప్పుడూ చెమ్మగుండే మూల.
ఎవ్వడూ అడగని మూల గనుక
నాకిచ్చిన్రు.

విల్లాలకు తలుపులు చేసే కార్ఖానల
కోసినంక మిగిలిన ప్లైవుడ్ ముక్కలు
ఫోర్‌మన్ చూస్తుండంగనే తెచ్చుకున్న.
"ఏం జేస్తవ్ వీటితోని?"
"డబ్బా" అన్న, చేతులు బారజాపి.
శవపేటిక అనుకున్నడో ఏమో
మల్లా అడగలే.

వీడియో గేమ్ డబ్బా.
మెట్‌పల్లి బస్టాండు ఎనుక, సైకిల్ టాక్సీ పక్కన
సలావుద్దీన్ దుకాన్ల గోడకానుకొని ఉండేది.
రూపాయి ఏస్తే మూడు పానాలు.
మూడింటినీ నేను
అగ్గిపుల్ల ఆరేలోపు పోగొట్టుకునేటోణ్ణి.

సాజన్ ఫోన్ల బొమ్మలు సూపిచ్చిండు,
జపానోళ్ళది, అమెరికోళ్ళది, ఇంచులతో సహా.
అవి గాదు సాజన్.
మాది మా నాయిన చేసింది.

అవు, నాగళ్ళు చెక్కే వడ్ల విఠలయ్యే.
సలావుద్దీన్ వచ్చి గాలిల చేతులు తిప్పుకుంట
"ముందల వాలు, నడుమ టీవీ, కింద పైసల సందు" అంటే
ఏందో తెల్వకుంటనే చేసిండు.
నిలవడి ఆడేదంటే
పెద్దమనుషుల ఆట అనుకున్నడు.
అందుకే మేం పోరగాండ్లం
ఇటుక మీద ఇటుక పెట్టి ఎక్కేటోళ్ళం,
ఎక్కినోడు దిగకపోయేటోడు.

టీవీ బిగిచ్చే లోపే కూలి తీసుకొని పోయిండు నాయిన.
ఆ డబ్బల ఏం వెలుగుతదో
ఎన్నడూ చూడలే.
ఆయన అంగీ జేబులకెళ్ళి తీసిన రూపాయిని
ఆయన చెక్కిన సందులనే ఏసిన.
దొంగతనం అనాల్నా దాన్ని,
ఇంటి పైస ఇంట్లనే తిరిగిందనాల్నా.

మొదటి శుక్రారం టేపు పట్టుకొని కూసున్న.
ఎత్తు ఎంత?
యాదికున్నది ఒక్కటే,
ఇటుకల్లేకుంటే హ్యాండిలు నా గదుమకు తాకేది.
ఏడేండ్ల పోరని గదుమ ఎత్తు
ఎవడు రాసిపెట్టిండు?
గీసిన గీతలన్నీ చెరిపిన.

మంచం మీదికెళ్ళి లింబాద్రి అడిగిండు:
"మీ నాయిన టేపు పట్టంగ చూసినవా ఎన్నడన్న?"
చూడలే.
జాన, బెత్తెడు, మూర.
చెవి మీద పెన్సిలు, పండ్ల నడుమ మొలలు.

లేసి గోడకు నిలవడ్డ.
మోచెయ్యి మడిచిన.
అది ఆగిన కాడ పెన్సిలు గీత.
పక్కన అప్పటి నన్ను నిలవెట్టుకొని చూస్తే
గీత వాని గదుమ కిందికే వచ్చింది.
కొంచెం సేపు
టేపు ఏడ పెట్టిన్నో దొరకలే.

మిషిను పెడితే క్యాంపు బాసు వస్తడు.
షఫీకుల్‌ది రాత్రి డ్యూటీ, పగలంత నిద్ర.
చెయ్యి రంపంతోని, దుప్పటి పరిచి,
దొంగ లెక్క కోసిన.
పొట్టు పప్పుల వడ్డది.
తిట్టుకుంట తిన్నరు.
నాలుగు శుక్రారాలు.
తుక్కు బజార్ల దొరికిన టీవీకి
వైర్లు సాజన్ కలిపిండు.
ఒక తలుపుకు మిగిలిన తెల్లరంగు
ముందర ముచ్చటగ సరిపోయింది, ఎనుక సరిపోలే.

పైసల సందు ఆఖరుకు.
సూట్‌కేసు అడుగున పడున్న పాత రూపాయిని
చెక్క మీద పెట్టి చుట్టూ గీసిన, ఉలితో తీసిన.
దిర్హం చిన్నది.
ఏస్తే ఏడా ఆగకుండ
గల్లున కిందికి జారింది. ఆట మొదలు కాలే.
"దీనికి మీ దేశం పైసలే కావాల్నా?" అని
షఫీకుల్ కండ్లు నలుపుకుంట వచ్చిండు.

ఏడుగురికి ఒకటే రూపాయి.
ఏస్తున్నం, ఎనుక తలుపు తీసి ఏరుతున్నం,
మల్లా ఏస్తున్నం.
డ్యూటీ బండి హారన్ కొడుతున్నది కింద.
షఫీకుల్ పొట్టోడు.
నూనె డబ్బా బోర్లిచ్చి ఎక్కిండు,
లుంగీ ఎగ్గట్టి, నాలిక బయట పెట్టి,
రెండో పానం మీదున్నడు.
నా వంతు వచ్చింది
దిగవయా అంటే
దిగుతలేడు.